పక్కకు లాగే విసురుకర్ర

పోయిన వారం మనం ఉడతని పెరటి పాకలో, ఒడినిండా చెక్కపొట్టుతో, కడుపులో ఎవరికీ చెప్పుకోలేని మాటతో వదిలేసి వచ్చాం. వారం రోజులు అలా కూర్చోబెట్టినందుకు మనల్ని తిట్టుకునే ఉంటుంది పాపం. మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పుకుని ముందుకు పోదాం.

ఉడత అసలు పేరు కాదు. పదేళ్ళప్పుడు అక్క కాపురానికి తోడుగా వచ్చి, బావ చెక్కపొట్టు కుప్పలో కూర్చుని ఎప్పుడూ ఏదో ఒకటి కొరుకుతూ ఉండేది. అప్పుడు బావ పెట్టిన పేరు. ఇప్పుడు ఇరవై నాలుగేళ్ళొచ్చినా పేరు వదల్లేదు. బావా, తనూ పనిచేసేది పిడుల కార్ఖానాలో. పారలకీ గొడ్డళ్ళకీ సమ్మెటలకీ కర్రపిడులు అక్కడే తయారవుతాయి. ఉడత గరుకు కాగితంతో పిడులు రుద్దే గదిలో ఉంటుంది. బావ పద్దెనిమిదేళ్ళు, చెక్కని తిప్పుతూ ఉలితో గుండ్రంగా తీసే మూడో నంబరు లేత్ మీద పనిచేశాడు.

చేశాడు అంటున్నాను, గమనించారా? నాలుగు నెలల కింద రోడ్డు పని దగ్గర ఒక సమ్మెట పిడి మెడ దగ్గర పుటుక్కున విరిగి, ఇనపతల ఎగిరిపోయి పక్కనున్న పనివాడి మోకాలి మీద పడింది. అతను ఇప్పటికీ కుంటుతూనే ఉన్నాడు. కార్ఖానాలో సాయంత్రం పూట ఏ లేత్ బుట్టలో పడిన పిడులకి ఆ లేత్ నంబరు గుద్దుతారు. విరిగిన పిడి మీద ఉన్నది మూడు. ఓనరు ఆ ముక్కని పావుగంట తిప్పి తిప్పి చూసి, బావని లేత్ మీంచి దింపి యార్డులో దుంగలు మోసే పనికి వేశాడు. బావ మారు మాట్లాడలేదు. ఆ విరిగిన ముక్కతోనే ఇంటికొచ్చి, పాత కుట్టుమిషను తొక్కుడు చట్రంతో పెరట్లో తనే కట్టుకున్న చిన్న లేత్ మీద గోనెపట్టా కప్పేశాడు. ఆ తర్వాత ఉలి ముట్టుకుంటే ఒట్టు.

మొగుణ్ణి మళ్ళీ చెక్క దగ్గర కూర్చోబెట్టాలని అక్క ఒక ఎత్తు వేసింది. ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరుకి ఒక ఆట సామాను కావాలంటే, మేం చేసిస్తాం అని ఒప్పేసుకుంది. పన్నెండు గూటాలు, ఒక విసురుకర్ర. గూటాలకి ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలుంటాయి. దూరం నుంచి కర్ర విసిరి పడగొట్టాలి. ఒక్కటే పడితే దాని మీద ఎంతుంటే అంత, ఎక్కువ పడితే ఎన్ని పడితే అన్ని. ముందుగా సరిగ్గా యాభై చేసినవాళ్ళు గెలిచినట్టు. ఇదీ ఆట. కానీ అక్క ఎత్తు పారలేదు. బావ దుంగలు మోసి అలిసిపోయానన్నాడు. గూటాలు ఉడతే కోసింది. చివరికి శనివారం మధ్యాహ్నం బావ ఇంట్లో లేని సమయం చూసి, గోనెపట్టా తీసి, విసురుకర్ర కూడా తనే లేత్ మీద గుండ్రంగా తీసేసింది. "నీకెప్పుడు వచ్చిందే ఈ పని?" అని అక్క నోరెళ్ళబెడితే, "చూసి చూసి వచ్చేసింది" అని తప్పించుకుంది.

ఇక ఆ కడుపులో మాట. శుక్రవారం సాయంత్రం ఓనరు ఉడతని గదిలోకి పిలిచి అన్నాడు: "ఆర్నెల్లుగా మధ్యాహ్నం పూట చూస్తున్నా. నీ చెయ్యి బాగా ఆడుతోంది. సోమవారం నుంచి మూడో లేత్ నీది."

బావ లేత్. ఆ కార్ఖానాలో ఆడమనిషి లేత్ ఎక్కడం ఇదే మొదలు. ఎగిరి గంతెయ్యాల్సిన మాట. కానీ ఇంట్లో ఎలా చెప్తుంది? శుక్రవారం చెప్పలేదు, శనివారం చెప్పలేదు. ఇప్పుడు ఆదివారం పొద్దున తొమ్మిదైంది. పదింటికి డ్రిల్లు టీచరు వస్తుంది. ఇక్కణ్ణుంచి చదువుకోండి.

ఇంటి ముందు సందులో ఉడత గూటాలు నిలబెట్టింది. పన్నెండూ ఒకే కొమ్మలోంచి కోసినవి. ఒకటి బరువు, ఒకటి తేలిక అయితే ఆటలో అన్యాయం జరుగుతుందని అలా కోసింది. జానెడు ఎత్తు, చెయ్యి పట్టేంత లావు. అడుగు సమంగా కోసి, తల ఏటవాలుగా కోసి, ఎండకి పగలకుండా రెండు కొసలకీ మైనం రాసింది. ఆ ఏటవాలు మీద అక్క ఎర్రరంగుతో అంకెలు వేసింది. ఏడు అంకె కాస్త బోర్లాపడినట్టు ఉంది గానీ, మిగతావి ముచ్చటగా ఉన్నాయి.

బావ మెట్టు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. చూపు వీధి చివర ఎక్కడో ఉంది.

ఉడత రెండు బారల దూరం కొలుచుకుని, గీత గీసుకుని, కర్రని కిందినుంచి ఊపి వదిలింది. కర్ర తిన్నగానే బయల్దేరింది. నేల తాకిందో లేదో, ఎవరో పిలిచినట్టు ఎడమకి తిరిగి వెళ్ళి కాలవ గట్టుని కొట్టుకుంది.

"గూటాలు ఇక్కడుంటే కాలవని కొడతావేంటే? దానికేం అంకె వెయ్యలేదే నేను!" అంది అక్క.

రెండోసారీ కాలవే. మూడోసారి ఉడత కావాలని కుడిపక్కకి గురిపెట్టింది. కర్ర గూటాల వెనకనుంచి చుట్టుతిరిగి మళ్ళీ కాలవ దగ్గరికే పోయింది.

"ఇటు తే. నీకు విసరడం రాదు." అక్క కొంగు బిగించి వచ్చి, నిలబడి, ఒక కన్ను మూసి గురిచూసి మరీ విసిరింది. దాని దారి అదే. అక్క కాసేపు కాలవ వంక చూసి, "కర్రదే తప్పు" అని తేల్చేసింది.

మెట్టు మీద గ్లాసు పెట్టిన చప్పుడైంది. బావ లేచాడు. నాలుగు నెలల్లో చెక్క కోసం అతను లేవడం అదే మొదటిసారని అక్కకీ తెలుసు, ఉడతకీ తెలుసు. ఇద్దరూ ఏమీ చూడనట్టు నిలబడ్డారు.

"ఇటివ్వు."

కర్రని మెట్టు బండ మీద పెట్టి వేలితో తోశాడు. గడగడా దొర్లాల్సిన కర్ర, కుంటుతూ రెండడుగులు వేసి ఆగిపోయింది.

"గుండ్రంగా లేదు ఇది."

"లేత్ మీద గుండ్రంగానే తీశాను బావా."

"నువ్వా తీసింది?" కనుబొమ్మలు పైకి లేచాయి గానీ అక్కడితో ఆగాడు. "సరే, తీశాక ఏం చేశావు?"

"తీశాక... రెండు పక్కలా కాస్త చిత్రిక పట్టాను. చేతిలో ఇముడుతుందని."

బావ నవ్వాడు! కిసుక్కున మొదలై, భుజాలు ఊగేదాకా వెళ్ళింది. "పిడుల కొంపలో పుట్టిన కర్రే ఇది! విసిరేసేదానికి చేతిలో ఇమడ్డం ఎందుకే? వదిలెయ్యడానికేగా అది ఉన్నది!"

అక్కా నవ్వింది, ఉడతా నవ్వింది. నిజమే మరి. పిడి గుండ్రంగా ఉంటే చేతిలో తిరిగిపోతుందని, లేత్ మీంచి తీశాక రెండు పక్కలా చెక్కి కోలగా చేస్తారు. అరచేతి దగ్గర చిన్న పొట్ట వదులుతారు, అది చెక్కేవాళ్ళ చేతివాటాన్ని బట్టి ఒక పక్కకి ఒరుగుతుంది. ఇంటిల్లిపాదీ పిడుల మీద బతికేవాళ్ళు గనక, ఎవరూ అడక్కపోయినా ఉడత చెయ్యి ఆ పని చేసేసింది. ఇలా పప్పులో కాలెయ్యాలంటే పిడులవాళ్ళకే సాధ్యం.

నవ్వుతూనే బావ ఆ పొట్ట మీద బొటనవేలు పెట్టి తడిమాడు. ఇంకోసారి తడిమాడు. కర్రని కుడిచేత్తో బిగించి పట్టుకున్నాడు. విప్పాడు. ఎడమచేతిలోకి మార్చాడు. ఈసారి కర్ర అరచేతిలో ఒదిగిపోయింది. నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో ఉడత చూడలేదు.

"ఎడమచేత్తో చిత్రిక పట్టావా?"

"నాది ఎడమచేతి వాటమే కదా బావా. కొత్తగా అడుగుతావేంటి?"

బావ జవాబివ్వకుండా లోపలికి వెళ్ళాడు. మంచం కింద పెట్టె లాగిన చప్పుడు వినపడింది. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో పాత చొక్కాగుడ్డలో చుట్టిన పొడవాటిది ఏదో ఉంది. మెట్టు మీద పెట్టి గుడ్డ విప్పాడు. విరిగిన సమ్మెట పిడి. కింది కొస మీద గుద్దిన మూడు అంకె ఇంకా నల్లగానే ఉంది.

"దీన్ని ఇంకా పారెయ్యలేదా మీరు?" అంది అక్క.

బావ పిడి పక్కన విసురుకర్రని ఆనించి పెట్టాడు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పొట్టలు మాత్రం ఒకే వైపు, ఒకే ఎత్తున, ఒకే వంపుతో లేచి ఉన్నాయి. ఉడతని చూడమని అతను అనలేదు. అనక్కర్లేకపోయింది.

ఉడత వంగి, పిడి విరిగిన చోటుని వేలితో తడిమింది.

మధ్యాహ్నం పూట అందరూ తిని, బావ మొహం మీద తువ్వాలు వేసుకుని ఓ అరగంట కునుకు తీసే సమయంలో మూడో లేత్ ఖాళీగా ఉండేది. అలా నేర్చుకుంది. బావని దింపకముందే దొంగతనంగా ఏడు పిడులు తీసింది. ఆరింటిని తనే ముక్కలు చేసి పొయ్యిలోకి తోసేసింది. ఏడోది తనకే ముద్దొచ్చింది. మెడ దగ్గర ఒక చిన్న కణుపు ఉంటే, అది కనపడకుండా అక్కడ ఇంకాస్త చెక్కింది. సరుకు సరిచూసేవాడు పట్టుకుంటాడో లేదో చూద్దామని బావ బుట్టలో వేసేసింది. వాడు పట్టుకోలేదు. మూడు అంకె గుద్ది లోపల పెట్టాడు. ఆ సాయంత్రం ఉడత నేల మీద నడవలేదు. బావ పిడుల్లో తన పిడి కలిసిపోయిందని ఎవరికీ చెప్పకుండా మూడు రోజులు మురిసిపోయింది.

విరిగిన చోట కణుపు గోధుమరంగు కన్నులా బయటికి చూస్తోంది.

ఆమెకి ఇంకొకటి గుర్తొచ్చింది. ఆ పనివాణ్ణి చూడ్డానికి అక్కతో కలిసి ఆసుపత్రికి వెళ్ళింది తనే. కట్టు కట్టిన మోకాలి పక్కన నిలబడి, "మా బావ కావాలని చెయ్యలేదన్నా, మనసులో పెట్టుకోకు" అని ప్రాధేయపడింది తనే. ఆ వెధవ పిడి తనదని ఒక్క క్షణమైనా తోచలేదు. తన పిడి విరగడమేమిటి? అంత బాగా వచ్చింది కదా!

"అది నాది బావా" అంది.

"ఏది?" అంది అక్క.

"ఆ విరిగింది. నేను తీశాను. మధ్యాహ్నం బావ పడుకున్నప్పుడు, బావ లేత్ మీద. తీసి బావ బుట్టలో వేశాను. నాదేనని నాకిప్పటిదాకా తెలీదక్కా, ఒట్టు."

అక్క వీధి వీధంతా వినేలా ఆమె మీదికి లేచింది. "నాలుగు నెలల నుంచి ఆయన చేతికి రాత్రీ పగలూ నూనె రాస్తున్నానే! చెయ్యి వణుకుతోందేమో, నరాలు పోయాయేమోనని ఆసుపత్రుల చుట్టూ తిప్పానే! పక్కనే కూర్చుని నూనె గిన్నె అందించావు కదే! ఏం మనిషివే నువ్వు?"

"అరవకు" అన్నాడు బావ.

"అరవనా? దీన్ని..."

"అరవకన్నానా!" కుడిచెయ్యి ముందుకి చాపి, వేళ్ళు ముడిచి, విప్పి చూసుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళున్నాయి. "ఇది బాగానే ఉందే. దీనికేం కాలేదే." చేతితోనే మాట్లాడుతున్నట్టు చెప్పుకొచ్చాడు. "ఆ పిడి పట్టుకున్న ప్రతిసారీ పరాయిదిలా ఉండేది. ఇంత దరిద్రంగా నేనెప్పుడు చెక్కానా అని ఎంత ఆలోచించినా గుర్తొచ్చేది కాదు. నా చెయ్యే పరాయిదైపోయిందనుకున్నా. లేత్ మీంచి దింపితే దింపాడు, దుంగలు మోస్తే మోశాను. అది కాదు. ఉలి పడితే మళ్ళీ అలాంటిదే వస్తుందేమోనని భయమేసింది. అందుకే పట్టా కప్పేశా."

ఉడత ఏడుపు ఆపుకోలేకపోయింది. "కొట్టు బావా. నాలుగు తగిలించు."

"కొట్టి ఏం చేసుకోను? కణుపు కనపడకుండా చెక్కేస్తే చాలనుకున్నావు చూడు, అది పనితనం తెలీక. అది నేర్పొచ్చు. చేసింది బుట్టలో పడేసి నోరు మూసుకున్నావే, అది నేర్పేది కాదు." గొంతు ఇప్పుడు గట్టిగానే ఉంది. "ఆ మోకాలివాడికి ఎవరు చెప్తారు?"

"నేనే చెప్తాను."

"చెప్పాలి. ఓనరుకి కూడా." లేచి నిలబడ్డాడు. "ముందు టీచరమ్మ వచ్చే టైమైంది. ఇంకో చెక్క తే. ఈ వంకరదాన్ని ముట్టుకోకు, ఇది ఇలాగే ఉండాలి."

పెరట్లో గోనెపట్టా తీసిన చేతికి దుమ్ము అంటింది. బావ దుమ్ము దులుపుకోలేదు. చెక్క రెండు కొసలూ బిగించి, పాదం కింద తొక్కుడు పలకని ఒకసారి ఊరికే ఆడించి చూశాడు. ఉలి ఎత్తాడు. మొదటి పొట్టు తెగి తెగి వచ్చింది. రెండోది పొడుగ్గా, తెల్లగా, రిబ్బనులా లేచి అతని మోచేతి మీద పడింది. అక్క గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. ఉడత పక్కన నిలబడి పొట్టు ఊడుస్తూ, ఆ కుడిచెయ్యి ఉలిని ఎంత తేలిగ్గా పట్టుకుందో చూసింది. తను ఇన్నాళ్ళూ ఎంత బిగించి పట్టుకుందో తెలిసొచ్చింది.

డ్రిల్లు టీచరు వచ్చేసరికి కర్ర తయారైంది. బావ బండ మీద తోస్తే గోడ దాకా దొర్లుకుంటూ పోయింది. సందులోకి తెచ్చి, గీత మీద నిలబడి, గురి కూడా చూడకుండా విసిరాడు. కర్ర తిన్నగా వెళ్ళి వెనక వరసలో ఒక్కదాన్నే పడేసింది.

"పన్నెండు!" అంది టీచరు చప్పట్లు కొట్టి. "కొట్లో చూసినవి ఇంత బాగా లేవండీ. ఈ ఏడు అంకె మాత్రం మా పిల్లలు ఒకటి అంటారేమో." అక్క మొహం ముడుచుకుంది. టీచరు తనూ నాలుగుసార్లు విసిరి, ఒకసారి ఐదింటిని పడేసి, పిల్లల్లాగా గెంతి, అన్నీ సంచిలో వేయించుకుని వెళ్ళిపోయింది.

సందు ఖాళీ అయ్యాక బావ ఉలిని గుడ్డతో తుడుస్తూ మెట్టు మీద కూర్చున్నాడు. మనిషిలో బరువు దిగిపోయింది. నాలుగు నెలల తర్వాత ఇంకో టీ అడిగి మరీ తాగాడు.

"రేపు పొద్దున్నే నువ్వూ నేనూ ఓనరు దగ్గరికి వెళ్దాం. నువ్వు చెప్పేది చెప్పు. ఆ తర్వాత నా లేత్ నాకిమ్మని నేనడుగుతా. ఇవ్వకేం చేస్తాడు? ఇన్నాళ్ళూ ఎవర్నీ వెయ్యలేదు దాని మీద, ఖాళీగానే ఉంచాడు."

ఉడత విరిగిన పిడి వంక చూసింది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేదు. చెప్తే, ఇరవై నాలుగేళ్ళ బతుకులో తనదని చేతికొచ్చిన ఒకే ఒక్కటి పోతుంది. కానీ ఇంతకుముందే ఒకసారి నోరు మూసుకుంది కదా, దాని ఫలితం మెట్టు మీదే పడి ఉంది.

"ఆ లేత్ నాకిచ్చాడు బావా. సోమవారం నుంచి ఎక్కమన్నాడు. శుక్రవారమే చెప్పాడు."

అక్క నెత్తిన చెయ్యి పెట్టుకుని గుమ్మంలోనే కూలబడింది. బావ ఉలి తుడవడం ఆపాడు.

"నీకా?"

"నేను వద్దంటాను. రేపు చెప్పేస్తాను. అది నీదే."

"అది తర్వాత. నీకు లేత్ పని వచ్చని ఆయనకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నం పూట చూశాడట."

"ఎప్పటినుంచి చూశాడట?"

"ఆర్నెల్లుగా చూస్తున్నా, నీ చెయ్యి బాగా ఆడుతోందన్నాడు." ఆ మాట చెప్పేటప్పుడు ఇంత జరిగాక కూడా ఆమె గొంతులో రవ్వంత గర్వం పలికింది. పలికినందుకు సిగ్గేసి తల దించుకుంది.

తలెత్తి చూస్తే, బావ నెలలు లెక్కపెడుతున్నట్టు బొటనవేలితో కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే ముడుస్తున్నాడు.

"ఆర్నెల్లు" అన్నాడు. "పిడి విరిగి ఎన్నాళ్ళయింది?"

"నాలుగు నెలలు బావా."

"నా లేత్ మీద రెండు చేతులు ఆడుతున్నాయని ఆయనకి అప్పుడే తెలుసు. ఆయనా ఒకప్పుడు ఉలి పట్టినవాడే. పావుగంట తిప్పి తిప్పి చూశాడు ఆ ముక్కని, నా కళ్ళముందే. కుడిచేతి పొట్టకీ ఎడమచేతి పొట్టకీ తేడా నాకు తెలీలేదంటే, నా చెయ్యి మీద నాకు అనుమానం వచ్చి. ఆయనకేం వచ్చింది, తెలిసి తెలిసీ నన్ను దింపి నీకివ్వడానికి?"

బావ ఉలిని మెట్టు మీద పెట్టి లేచాడు. విరిగిన పిడి ఒక చేతిలోకి, వంకర విసురుకర్ర ఇంకో చేతిలోకి తీసుకున్నాడు.

"రేపటిదాకా ఎందుకు? ఆదివారం ఓనరు ఇంట్లోనే ఉంటాడు. చెప్పులేసుకో."

ఉడత చెప్పులు వెతుక్కుని వచ్చేసరికి, అక్క అప్పటికే తలుపుకి తాళం వేస్తోంది.